దసరా నుంచి సంక్రాంతి దాకా: పార్సిల్ బండి మీద నాలుగు రాళ్లు వెనకేసుకోవడం

ఏటా ఆగస్టు ఆఖర్లో విశాఖపట్నంలోని మా హబ్‌లో, అంటే పార్సిళ్లు బండ్లకి పంచే గోడౌన్‌లో, కొత్త కుర్రాళ్లు కనబడతారు. డిగ్రీ సగంలో ఉన్నవాళ్లు, ఆటోనగర్‌లో షిఫ్టులు తగ్గినవాళ్లు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మేనమామ ఇంట్లో దిగి పని వెతుక్కుంటున్నవాళ్లు. అందరూ అడిగేది ఒక్కటే: "అన్నా, రోజుకి ఎన్ని పార్సిళ్లు ఎత్తొచ్చు?" 2016లో బైకు మీద ఈ పనిలోకి వచ్చినప్పుడు నేనూ అదే అడిగాను. ఎంత లోడెత్తితే అంత డబ్బు అనుకున్నాను. మూడు సీజన్లు ఒళ్లు హూనం చేసుకున్నాక తెలిసొచ్చింది. పొద్దున ఎన్ని ఎత్తావన్నది పక్కన పెట్టి, సాయంత్రం ఎన్ని వెనక్కి తెచ్చావో లెక్క చూసుకోవాలి.

ఇప్పుడు నాకు సొంతంగా కరెంటు లోడర్ ఆటో ఒకటుంది, 2022లో లోను మీద తీసుకున్నాను. మద్దిలపాలెం, ఇసుకతోట, ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే, పెదవాల్తేరు నా రూటు. పార్సిల్‌కి ఇంత అని కాంట్రాక్టు. బండి మీద నాతో మా బావమరిది ఉంటాడు. సీజన్లో బైకుల మీద ఇంకో ఇద్దరు కుర్రాళ్లని పెట్టుకుంటాను. కింద రాసేదంతా ఆ రూటులో, ఆ బండి మీద నేర్చుకున్నది. మీది గాజువాకో పెందుర్తో అయితే సందులు మారతాయి, లెక్క మాత్రం ఇదే.

తిరిగొచ్చే డబ్బా ఖరీదు

మా ఆవిడ రోజూ రాత్రి నోటుబుక్కులో లెక్క రాస్తుంది. 2025 దసరా ముందు రోజుల్లోంచి రెండు పేజీలు చెప్తాను.

ఒకరోజు ఆశకొద్దీ 160 ఎత్తాను. డెలివరీ అయినవి 112, మిగతా 48 వెనక్కి. రాత్రి పది దాటాక హబ్‌లో ఆ 48 ఒక్కొక్కటీ స్కాన్ చేసి, రిమార్కు పెట్టి, అప్పజెప్పేసరికి 11:20 అయింది. మర్నాడు పొద్దున్న అవే 48 మళ్లీ నా బండిలోకి ఎక్కాయి. రెండు రోజులాగి 125 మాత్రమే ఎత్తాను. 118 ఇచ్చేశాను, ఏడు తిరిగొచ్చాయి. ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉన్నాను.

సీజన్ రేటు పార్సిల్‌కి 22 రూపాయలు. మొదటి రోజు 2,464, రెండో రోజు 2,596. బావమరిదికి 650, ఛార్జింగుకి 110, తిండికీ టీలకీ 150, బండి వాయిదా రోజుకి పడేది 420. మొత్తం 1,330 ఖర్చు రెండు రోజులకీ ఒకటే. అంటే తక్కువ ఎత్తిన రోజే 132 రూపాయలు ఎక్కువ మిగిలాయి, దానికి తోడు మూడు గంటల నిద్ర. పైగా మా కాంట్రాక్టులో సీజన్ బోనస్ కన్వర్షన్ మీద ఇస్తారు. ఎత్తినవాటిలో నూటికి 90 ఇచ్చేస్తేనే బోనస్. మొదటి రోజు నా కన్వర్షన్ 70, రెండో రోజు 94.

మరి ఎన్ని ఎత్తాలి? ఎవరి సంఖ్య వాళ్లే కనుక్కోవాలి. సీజన్ మొదలవ్వక ముందే మూడు రోజులు గంటగంటకీ ఎన్ని తలుపులు కొట్టారో రాసుకోండి. మేమిద్దరం ఉంటే విడి ఇళ్లలో గంటకి 12, అపార్టుమెంట్లలో 18 దాకా వెళ్తాయి. రెండూ కలిపి ఎనిమిదిన్నర గంటల రోజుకి 125 తేలింది. ఆ అంకె మీద హబ్ ఇన్‌చార్జితో గట్టిగా నిలబడ్డాను. మొదట్లో మొహం మాడ్చారు. నెలాఖరు కన్వర్షన్ చూశాక మళ్లీ అడగలేదు.

ఆగస్టులోనే తేల్చుకోండి

2025లో దసరా అక్టోబరు 2న, దీపావళి 20న వచ్చాయి. సెప్టెంబరు 22 నుంచి పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మర్నాడే అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ పండగ అమ్మకాలు మొదలయ్యాయి. తగ్గింపు కోసం నెలరోజులుగా ఆగినవాళ్లంతా ఒక్క వారంలో కొన్నారు. అట్టపెట్టెలు హబ్ గుమ్మం దాటి రోడ్డు మీదకి వచ్చేశాయి. అలాంటి వారం నడిమధ్యలో రేటు మాట్లాడదామంటే వినే నాథుడు ఉండడు. బండ్లు దొరుకుతాయా లేదా అని హబ్‌కి భయం ఉండేది ఆగస్టులో. మన మాటకి విలువ ఉండేది అప్పుడే.

అప్పుడు అడగాల్సినవి చెప్తాను. సీజన్ రేటు ఏ తారీకు నుంచి ఏ తారీకు దాకా. టీవీ, మిక్సీ సెట్టు, కుర్చీల్లాంటి పెద్ద డబ్బాకి విడిగా ఎంత. రివర్స్ పికప్‌కి (కస్టమరు తిప్పి పంపే సరుకు తేవడానికి), ఎక్స్‌ఛేంజ్‌కి ఎంత, ఎందుకంటే పాత ఫోను పరీక్షించి తీసుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. పై ఊరి నుంచి లారీ రాక మనం హబ్‌లో కూర్చుండిపోయిన రోజుకి కనీసం ఇంత అని గ్యారంటీ ఉందా. పార్సిల్ పోతే డెబిట్, అంటే మన బిల్లులో కోత, ఎలా వేస్తారు, వేసేముందు మనల్ని అడుగుతారా. బిల్లు ఎన్ని రోజులకి వస్తుంది. ఇవన్నీ మెయిల్లో రాయించుకోండి. మెయిల్ పంపకపోతే మాట్లాడిందంతా మీరే వాట్సాప్‌లో రాసి, "ఇదే కదండీ అనుకున్నాం?" అని పంపండి. అవునన్న ఒక్క జవాబు చాలు. నోటిమాటలు నీటిమూటలే.

రూటు దగ్గర మాత్రం ఎక్కువ ఆశపడకండి. ఒక సీజన్లో నాకు పార్సిల్‌కి మూడు రూపాయలు ఎక్కువిస్తాం, మధురవాడ కూడా చూడమన్నారు. వద్దన్నాను. పెదవాల్తేరు ఒక కొస, పీఎం పాలెం ఇంకో కొస. మధ్యలో హనుమంతవాక, ఎండాడ మీదుగా హైవే మీద తిరిగే టైమంతా ఎవరూ డబ్బులివ్వని టైము. దానికి బదులు నా రూటుని ఆనుకున్న చినవాల్తేరు సందులు ఇమ్మన్నాను. పక్కపక్క తలుపుల్లోనే డబ్బుంది.

ఇంకొకటి, చేతిలో డబ్బు. మా బిల్లు 45 రోజులకి వస్తుంది. దీపావళికి కష్టపడింది డిసెంబరులో చేతికొస్తుంది. ఈలోగా బావమరిదికి, కుర్రాళ్లకి రోజు కూలి ఆగదు. అందుకని జూన్ నుంచే వారానికి కొంత పక్కన పెట్టి, సీజన్ మొదలయ్యేసరికి నెల ఖర్చు చేతిలో ఉంచుకుంటాను. రోజువారీ వడ్డీకి తెచ్చినవాళ్లు సీజనంతా వడ్డీవాడి కోసం బండి తోలారు, నా కళ్లతో చూశాను.

సంతకం పెట్టే ముందు

2019 దీపావళి ముందు వారం. పొద్దున్న ఆరు కావస్తోంది. లారీ రెండు గంటలు లేటు. నేనప్పుడు బైకు మీద. పక్కన పది మంది తోసుకుంటున్నారు. లోడు షీటు మీద 83 అని ఉంది. "సంతకం పెట్టీ గురూ, తేడా ఉంటే సాయంత్రం చూసుకుందాం" అన్నాడు అక్కడున్నతను. పెట్టేశాను. రోడ్డెక్కాక లెక్కపెడితే 82. లేనిది ఒక ఫోను, 17,999 రూపాయలది. సాయంత్రం చూసుకునేవాడు ఎవడూ లేడు. రెండు బిల్లుల్లో కోశారు. ఆ దీపావళికి మా పాప గౌను అప్పు మీద కొన్నాను. నెలంతా పొద్దున లేవగానే ఆ సంతకమే గుర్తొచ్చేది.

అప్పట్నించి ఎంత తొందరున్నా ఒకటే పద్ధతి. ప్రతి డబ్బా నా చేతిలోకి రావాలి, నా ఫోను బీప్ అనాలి, అప్పుడే నా ట్రేలో పడాలి. ఫోన్లు, వాచీలు, వెండి బంగారం నాణేల లాంటివి విడిగా ఒక సంచిలో, రెండుసార్లు లెక్క. టేపు చూస్తాను: కంపెనీ టేపు మీద మామూలు బ్రౌన్ టేపు మళ్లీ అతికించి ఉందా, కొస లేచి ఉందా. ఫోను డబ్బా చేతికి తేలిగ్గా అనిపిస్తే, మూల నలిగితే, లేబుల్ కనపడేలా ఫోటో తీసి, ఇన్‌చార్జికి చూపించి, ఎత్తకుండా అక్కడే వదిలేస్తాను. ఇదంతా 25 నిమిషాలు. ఆ టైము పోయిందని ఎప్పుడూ బాధపడలేదు.

బండి సర్దడం

ఈ పనిలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. రైతుబజార్‌కి కూరగాయలొచ్చే ప్లాస్టిక్ ట్రేలు ఉంటాయి కదా, అలాంటివి ఆరు కొన్నాను. నీలం రెండూ మద్దిలపాలెం, ఇసుకతోట. పసుపు రెండూ ఎంవీపీ. ఎరుపు రెండూ లాసన్స్ బే, పెదవాల్తేరు. స్కాన్ అయిన ప్రతిదాని మీద కుడిచేతి పై మూల లావు మార్కరుతో నంబరు వేస్తాను. యాప్ ఇచ్చే వరస చూడను. యాప్‌కి మ్యాపులో దగ్గరున్నవి కనపడతాయి గానీ, మధ్యలో డివైడరు ఉందనీ, ఆ సందులో ఆటో తిప్పుకోలేమనీ తెలీదు. నా వరస నా కాళ్లకి తెలుసు.

బట్టల కవర్లు పడుకోబెట్టకూడదు. పుస్తకాల్లా నిలబెట్టి, నంబరు పైకి కనపడేలా ట్రేలో గుచ్చాలి. అప్పుడు బావమరిది వేలితో తోసుకుంటూ పోతే 41, 42, 43 అని వాటంతటవే వస్తాయి. డబ్బాల్లో ఆఖరున ఇవ్వాల్సింది ముందు లోపలికి, ముందు ఇవ్వాల్సింది తలుపు దగ్గర. టీవీని ఎప్పుడూ నిలువుగానే, పక్క గోడకి ఆనించి, తాడు కట్టి. పడుకోబెడితే గుంటలో బండి ఒక్కసారి ఎగిరితే చాలు, లోపల అద్దం పోతుంది. ఓపెన్ బాక్స్ డెలివరీలో కస్టమరు ముందే విప్పాలి కాబట్టి ఆ పంచాయితీ మన నెత్తిన పడుతుంది.

ఒక్కో తలుపు దగ్గర డబ్బా వెతకడానికి నిమిషం పట్టిందనుకోండి, 125 తలుపులకి రెండు గంటలు పైనే. సర్దడానికి నాకు పట్టేది అరగంట.

ఎవరు ఎప్పుడు ఇంట్లో ఉంటారు

సర్దడం అయ్యాక బండిలోనే కూర్చుని ఫోన్లు చేస్తాను. అందరికీ కుదరదు. క్యాష్ ఎక్కువున్నవి, పెద్ద డబ్బాలు, ఓటీపీ కావాల్సినవి, నిన్న తిరిగొచ్చినవి. మాట పొట్టిగా ఉండాలి. "అమ్మా, మిక్సీ తెస్తన్నాను, పదకొండు పన్నెండు మధ్యలో వచ్చీస్తాను, ఇంట్లో ఉంటారా?" టైము చెప్పకుండా "ఈరోజు వస్తాం" అంటే ఎవరూ ఆగరు. చెప్పిన టైముకి వెళ్లకపోతే రెండోసారి ఫోనెత్తరు.

ఎంవీపీలోనూ లాసన్స్ బేలోనూ పిల్లలు అమెరికాలో ఉన్న పెద్దవాళ్ల ఇళ్లు ఎక్కువ. పండక్కి అక్కణ్ణుంచి కొడుకో కూతురో టీవీ, ఫోను, బీపీ మిషను ఆర్డరు పెడతారు. ఓటీపీ వాళ్ల ఫోనుకి వెళ్తుంది. మొదట్లో పదకొండింటికి వెళ్లి బెల్లు కొట్టేవాణ్ణి. ఆ పెద్దాయన ఫోను చేస్తూనే ఉండేవారు, అవతల ఎత్తేవారు కాదు. పాపం ఎలా ఎత్తుతారు? ఇక్కడ పొద్దున్న 11 అంటే అక్టోబరులో న్యూయార్కు వైపు రాత్రి 1:30. ఒక పెద్దావిడ నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "మావాడు లేచేవరకూ ఉండు బాబూ" అన్నారు. ఉండలేకపోయాను, ఆ డబ్బా మూడు రోజులు తిరిగింది. ఆ సీజన్లోనే నేర్చుకున్నాను. అలాంటి ఇళ్లు పొద్దున్న 8:30 లోపు పెట్టుకోవాలి, అప్పుడు అక్కడ రాత్రి పదకొండు. లేదా సాయంత్రం ఏడు దాటాక, అక్కడ పొద్దున్న 9:30. ముందురోజే తిరిగొచ్చిన డబ్బా అయితే, "అబ్బాయిని ఫోను దగ్గరుండమనండి" అని చెప్పి వస్తాను. ఓటీపీ మాత్రం ఫోన్లో ముందే ఎప్పుడూ అడగను. దొంగలు అడిగేది అలాగే కాబట్టి, మనం ఆ అలవాటు చేస్తే రేపు ఆ పెద్దవాళ్లే మోసపోతారు. డబ్బా చేతిలో పెట్టి, వాళ్లు చూసుకున్నాకే ఓటీపీ.

యూనివర్సిటీ హాస్టళ్లకి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు, మళ్లీ ఐదు దాటాక. ఎంవీపీ రైతుబజార్ చుట్టుపక్కల ఆదివారం పది దాటేదాకా బండి దూరదు, వదిలేయండి. పొద్దున్నే వాకింగ్ వాళ్ల కోసం బీచ్ రోడ్డు మూసి ఉంటుంది. సాయంత్రాలు, ముఖ్యంగా ఆదివారం, అప్పుఘర్ నుంచి ఆర్కే బీచ్ దాకా జనమే. కాబట్టి బీచ్ వైపు మధ్యాహ్నం ఎండలో పూర్తి చేస్తాను. మా హబ్ ఎన్ఏడీ వైపు ఉంది. తొమ్మిది దాటాక బయల్దేరితే తాటిచెట్లపాలెం, గురుద్వారా, సత్యం జంక్షన్ దాటి మద్దిలపాలెం చేరేసరికి గంట పోతుంది. ఏడున్నర లోపు గేటు దాటితే ఆ గంట నాది.

పండగల లెక్క కూడా కావాలి. మార్గశిర మాసంలో గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి చుట్టూ ఇసకేస్తే రాలని జనం. వన్‌టౌన్ రూటు చేసే మా వాళ్లు ఆరోజు బండి దూరంగా పెట్టి నడుస్తారు, లోడు తగ్గించుకుంటారు. క్రిస్మస్ ముందు జ్ఞానాపురంలో రాత్రి తొమ్మిదికి కూడా తలుపులు తెరిచే ఉంటాయి, మంచి టైము. నాగుల చవితి పొద్దున్న అందరూ పుట్టల దగ్గరే, పది దాటాక మొదలుపెట్టండి. దీపావళి సాయంత్రం ఐదుకి నేను బండి ఆపేస్తాను. పిల్లలు గోగు కాడలు పట్టుకుని దిబ్బు దిబ్బు దీపావళి కొడుతుంటారు, సందుల్లో తారాజువ్వలు, మన వెనక అట్టపెట్టెల బండి. రెండొందల కోసం అంత ప్రమాదం వద్దు. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారం. అటువైపు కుర్రాళ్లు ఆరోజు ఎవరూ రారు, రమ్మని అడగడం కూడా పద్ధతి కాదు. వారం ముందే ఆ రోజుకి వేరేవాళ్లని మాట్లాడుకుంటే, ఖాళీగా ఉన్న పక్క రూట్ల లోడు ఎక్కువ రేటుకి దొరుకుతుంది.

ఆరిలోవ వైపు కొండవాలు కాలనీలు చేసేవాళ్లకి ఒక మాట. మెట్ల మీదకి 15 కిలోల బియ్యం బస్తా మోస్తే పార్సిల్ రేటు గిట్టదు. బరువైనవి ముందే ఫోను చేసి, ఇంట్లో కుర్రాళ్లెవరైనా కిందకి వస్తారా అని మర్యాదగా అడగండి. చాలామంది వస్తారు. నేవీ క్వార్టర్లకి, ఉక్కునగరంకి గేటు దగ్గర రూల్సు ఉంటాయి. ఐడీ కార్డు, బండి కాగితాలు మెడలో వేలాడేలా పెట్టుకుంటే చాలావరకు పని జరుగుతుంది.

వాచ్‌మన్లని మర్చిపోకండి. పెద్ద అపార్టుమెంట్లలో ఎవరు ఊరెళ్లారో, ఎవరు మధ్యాహ్నం నిద్రపోతారో వాళ్లకి తెలుసు. నేను దసరాకి నా రూటులో వాచ్‌మన్ల ఇళ్లకి మిఠాయి ప్యాకెట్లు ఇస్తాను. వాళ్ల పార్సిళ్లు వస్తే అందరికంటే ముందు వాళ్లకే ఇస్తాను.

ఇంటికి వెళ్లకుండా "కస్టమర్ లేరు" అని కొట్టేయడం మాత్రం చేయకండి. సాయంత్రం అలిసిపోయినప్పుడు వేలు అటే పోతుంది, నాకు తెలుసు. కస్టమరు కంప్లయింట్ పెడితే ఫేక్ అటెంప్ట్ కింద కోత పడుతుంది. అంతకంటే ముఖ్యం, ఆ ఇల్లు ఇంక మనల్ని నమ్మదు.

క్యాష్

డబ్బా ఇచ్చి తీసుకునే సీఓడీ డబ్బు జేబులో ఉన్నా మనది కాదు. సీజన్లో రోజుకి 30, 40 వేలు చేతిలో తిరుగుతాయి. పెట్రోలుకి ఇందులోంచి తీసి రేపు కలుపుదాం అనుకున్నవాళ్లే షార్టేజీలో పడతారు. నా నడుముకి రెండు జిప్పుల సంచి ఉంటుంది, ఒకటి కంపెనీది, ఒకటి నాది. ప్రతి 20 తలుపులకి ఒకసారి నీడలో ఆగి లెక్క సరిచూస్తాను. క్యూఆర్ కోడ్ మీద కట్టేవాళ్లుంటే కస్టమరు ఫోన్లో పచ్చ టిక్కు చూసి కదలొద్దు. మన యాప్‌లో డబ్బు వచ్చిందని పడాలి. నా సొంత నంబరుకి ఫోన్‌పే కొట్టమని ఎప్పుడూ అడగను. రాత్రి హబ్‌లో అప్పజెప్పాక రసీదు ఫోటో తీసుకోవాలి, ఎంత నిద్రొచ్చినా సరే.

వాన, తుపాను

మన సీజనూ బంగాళాఖాతంలో తుపాన్ల సీజనూ ఒకటే. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది. నేను అప్పటికి ఈ పనిలో లేను గానీ, చెట్లు పడి, రోజుల తరబడి కరెంటు లేక ఊరు ఎలా అయిపోయిందో చూశాను. కరెంటు బండి కొన్నాక ఆ చీకటి ఇంకా బాగా గుర్తొస్తుంది. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని తెలియగానే నేను చేసేది, బండి నిండా ఛార్జి పెట్టడం, హబ్‌లో ఉన్న లోడంతా ముందురోజే వీలైనంత ఖాళీ చేయడం, తుపాను తీరం దాటే రోజుకి లోడు వద్దని రాతపూర్వకంగా చెప్పేయడం. ఆరోజు తడిసిన డబ్బాలన్నీ డెబిట్ నోట్లే అవుతాయి.

మామూలు వానకి పూర్ణా మార్కెట్ దగ్గర కొన్న మందం టార్పాలిన్ ఒకటి, పెద్ద పాలిథిన్ కవర్లు 50 ఎప్పుడూ బండిలో ఉంటాయి. ఫోన్ల సంచికి రెండు కవర్లు. గెడ్డలు (వాగులు) పొంగిన చోట నీళ్లు చక్రం సగానికి వస్తే బండి దించను. వానరోజు అందరూ ఇంట్లోనే ఉంటారు కాబట్టి, అపార్టుమెంట్లకి అది నిజంగా మంచి రోజు. విడి ఇళ్లు పక్కన పెట్టి సెల్లారు ఉన్నవి చేసుకోండి.

కుర్రాళ్లు, కాగితాలు

సీజన్ కుర్రాళ్లకి పార్సిల్ లెక్క మీదే కూలి ఇస్తే పరిగెడతారు, పడతారు. రోజుకి ఇంత అని ఖాయంగా ఇచ్చి, కన్వర్షన్ 90 దాటితే పైన 100 ఇస్తాను. లైసెన్సు లేనివాణ్ణి, 18 నిండనివాణ్ణి ఎంత బతిమాలినా ఎక్కించను. సొంత బైకు ఇన్సూరెన్సు సొంత వాడకానికి ఇచ్చింది. కూలికి సరుకు మోస్తుండగా ఏదైనా అయితే కంపెనీ క్లెయిము నిరాకరించొచ్చు. ఆ మాట కుర్రాళ్లకి ముందే చెప్పండి. పాలసీ ఇచ్చినవాళ్లని అడిగి, కమర్షియల్ వాడకానికి కవరు తీసుకోమనండి. బ్యాంకు ఖాతా ఉన్న ప్రతివాడితో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టిస్తాను. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే ఇంటివాళ్లకి 2 లక్షలు. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకి ఇస్తారు. ఖాతాలో ఆ 20 ఉండేలా చూసుకోవాలి, అంతే.

కాంట్రాక్టు బిల్లులో 1 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపన్ను, కోస్తారు. పాన్ కార్డు ఇవ్వకపోతే 20 శాతం పోతుంది, ఇది తెలియక ఏడాదంతా నష్టపోయినవాణ్ణి చూశాను. పన్ను పడేంత ఆదాయం లేకపోతే గడువులోగా రిటర్ను వేస్తే కోసిన డబ్బు వెనక్కి వస్తుంది. మా వీధిలో రిటర్నులు వేసే అతను 500 తీసుకుంటాడు. ఛార్జింగు, రిపేరు, టైరు, కూలి, అన్ని రసీదులూ మా ఆవిడ ఒక బిస్కెట్ల డబ్బాలో వేస్తుంది.

తిండి గురించి ఒక్క ముక్క. బయట టిఫిన్లు తిని మధ్యాహ్నం కునుకు పడితే రెండు గంటలు పోతాయి. నేను పొద్దున్న చోడి (రాగి) అంబలి ఒక సీసా, మజ్జిగ ఒక సీసా తెచ్చుకుంటాను. ఒంటిగంటకి చెట్టు కింద అన్నం తిని 20 నిమిషాలు నడుము వాలుస్తాను. ఆ 20 నిమిషాలు లేకపోతే సాయంత్రం బ్రేకు మీద కాలు లేటు అవుతుంది.

సంక్రాంతి

సంక్రాంతి లోడు చూసి మోసపోకండి. డబ్బాలు బోలెడు ఉంటాయి, మనుషులుండరు. జనవరి పదో తారీకు దాటాక ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సులు కిటకిట, అపార్టుమెంట్లు చీకటి. అందుకని పదో తారీకు దాకా పూర్తి లోడు ఎత్తుతాను. తర్వాత భోగి దాకా ఫోనెత్తి "ఉన్నాం" అన్నవాళ్లవే ఎత్తుతాను. మిగతావి హబ్‌లోనే ఉంచమని వాళ్ల ఎదురుగానే చెప్తాను. నా ఇద్దరు కుర్రాళ్లూ ఊరెళ్తారు, వాళ్ల కూలి భోగికి ముందే లెక్క చూసి చేతిలో పెట్టేస్తాను. కనుమకి నేనూ మా అత్తారింట్లోనే.

ముక్కనుమ మర్నాడు బండి షెడ్డుకి వెళ్తుంది. బ్రేకులు, టైర్లు, బ్యాటరీ కేబుళ్లు చూపిస్తాను. నేను, మా ఆవిడ నోటుబుక్కు, కంపెనీ పంపిన డిసెంబరు రిపోర్టు ముందేసుకుని కూర్చుంటాం. తారీకు వారీగా, మా అంకె ఒక పక్క, వాళ్ల అంకె ఒక పక్క. మొన్నటిసారి నాలుగు రోజుల్లో కలిపి 61 పార్సిళ్లు వాళ్ల లెక్కలో లేవు. నంబర్లు, యాప్ ఫోటోలు పెట్టి మెయిల్ చేశాం. రెండుసార్లు గుర్తుచేశాం. ఫిబ్రవరి బిల్లులో 1,342 రూపాయలు కలిసొచ్చాయి. ఆ వరస కింద మా ఆవిడ ఎర్ర పెన్నుతో గీత గీసింది.